పాలడిన్ అబద్ధమాడితే లాఫుల్ గుడ్ పోయినట్టేనా? మా తమ్ముడి విషయంలో నేను తప్పు చేశానా?

శనివారం డీఎం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. మూడు వారాలుగా మనసులో నలుగుతున్న విషయం.

కూకట్‌పల్లిలో మా ఇంట్లోనే ప్రతి శనివారం సాయంత్రం డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుకుంటాం, తలా ఒక పాత్ర తీసుకుని పాచికలతో కథ నడిపే ఆట. ఫిఫ్త్ ఎడిషన్, 2014 పుస్తకాలు. నేను డీఎం, అంటే కథ నడిపేదాన్ని, ప్లేయర్లు ఐదుగురు. వాళ్లలో మా పిన్ని కొడుకు ఒకడు. సంగారెడ్డి నుంచి బస్సులో వస్తాడు, ఆట పొద్దుపోయేదాకా సాగితే మా ఇంట్లోనే పడుకుని తెల్లారి వెళ్తాడు. వాడికి ఇదే మొదటి క్యాంపెయిన్ (వారాల తరబడి సాగే కథ). ఏడాది క్రితం క్యారెక్టర్ తయారు చేసుకునేటప్పుడు మిగతావాళ్లు గంటలో ముగించేస్తే వీడు రెండు వారాలు తీసుకున్నాడు. దేవుళ్ల పట్టిక అంతా చదివి ఇల్మేటర్‌ని ఎంచుకున్నాడు. ఫర్‌గాటెన్ రెల్మ్స్ అనే కల్పిత లోకంలో ఆడేవాళ్లకు తెలిసే ఉంటుంది, బాధల్లో ఉన్నవాళ్ల దేవుడు. ఆయన గుర్తు, మణికట్ల దగ్గర ఎర్రతాడుతో కట్టేసిన రెండు చేతులు. క్యారెక్టర్ వివరాలు రాసుకునే షీటు పైన కుడి మూల ఆ గుర్తు ఎర్ర పెన్నుతో వాడే గీసుకున్నాడు. ఓత్ ఆఫ్ డివోషన్ అనే ఒట్టు పట్టిన పాలడిన్, అంటే దైవశక్తి ఉన్న యోధుడు. పాత్ర స్వభావం రాసే అలైన్‌మెంట్ గడిలో లాఫుల్ గుడ్ (నియమం తప్పని మంచివాడు) అని గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాడు.

ఇక జరిగింది చెప్తాను. పార్టీ, అంటే ప్లేయర్ల పాత్రల జట్టు, 5వ లెవల్‌కి వచ్చింది. నేను కల్పించిన ఊళ్లో ఒక చట్టం ఉంది: అప్పు తీర్చలేనివాళ్ల పిల్లల్ని ఉప్పు గనుల్లో పనికి పట్టుకుపోవచ్చు. అక్కడి నుంచి పారిపోయిన ఓ పదేళ్ల పిల్లాడు సత్రంలో వీళ్ల గదిలోకి దూరి మంచం కింద దాక్కున్నాడు. చేతులకి తాడు ఒరుసుకుని పుండ్లు పడ్డాయి. (తమ్ముడి దేవుడి గుర్తు చూసే అలా రాశాను. వాడికి నచ్చుతుందని.) కాసేపటికి కాపలాదళం నాయకుడు వచ్చాడు. వెనక 8 మంది సైనికులు, చేతిలో ఊరి ప్రభువు ముద్ర వేసిన కాగితం. తలుపు తీసింది తమ్ముడి పాలడిన్. నాయకుడు అడిగాడు, "నువ్వు ఇల్మేటర్ మనిషివి, నీ మాట నమ్ముతాను. పిల్లాడు లోపలున్నాడా?"

తమ్ముడు షీటు వంకే చూస్తూ ఉండిపోయాడు. నాయకుడు తొందరపడుతున్నాడని తెలియడానికి నేను వేలితో బల్ల మీద కొడుతూ 5 నుంచి వెనక్కి లెక్కపెట్టాను. 2 దగ్గరికి వచ్చేసరికి "లేడు" అన్నాడు.

నాయకుడు నమ్ముతాడో లేదో తేలడానికి పాచిక వేయమన్నాను. 17 పడింది, కరిజ్మా (ఆకట్టుకునే గుణం) 3 కలిపి 20. నాయకుడికి 11. నమ్మాడు, వెళ్లిపోయాడు. బల్ల చుట్టూ అందరూ హమ్మయ్య అనుకున్నారు. అప్పుడు నేనన్నాను, "నాయకుడు నమ్మాడు. కానీ ఇల్మేటర్ విన్నాడు. నీ చేతుల్లో వెలుగు ఆరిపోయింది."

అంటే వాడి దైవశక్తి పోయిందని. ఆ క్షణానికి నాకది న్యాయంగానే తోచింది. ఆ ఓత్‌లో మొదటి నియమమే నిజాయితీ: అబద్ధమాడకు, మోసం చేయకు. అలైన్‌మెంటా, లాఫుల్. చట్టప్రకారం కాగితంతో వచ్చిన అధికారికి ముఖం మీదే అబద్ధం చెప్పాడు. రెండు విధాలా తప్పాడు కదా అనుకున్నాను.

తర్వాత తమ్ముడు, ఆటలోనే, మంచం పక్కన కూర్చుని పిల్లాడి చేతులు పట్టుకున్నాడు. "లే ఆన్ హ్యాండ్స్ వాడతాను, ఆ పుండ్లు మానాలి" అన్నాడు. రాదు అన్నాను. షీటు మీద గాయాలు మాన్పే ఆ శక్తికి వాడికి 25 పాయింట్లు ఉన్నాయి, ఆ రోజు ఒక్కటీ వాడలేదు. "5 పాయింట్లు కూడానా అక్కా?" అని అడిగాడు. రాదన్నాను.

ఆ తర్వాత ఇంకేం మాట్లాడలేదు. ఆట అయ్యాక షీటు నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, పడుకోమన్నా వినకుండా, ఆఖరి బస్సుకి వెళ్లిపోయాడు. మూడు శనివారాలుగా రావడం లేదు. ఫోన్ చేస్తే ఆఫీసులో పని ఎక్కువగా ఉందంటాడు.

నాకు తెలుసుకోవాలని ఉంది. లాఫుల్ అంటే ఎవరి చట్టానికి? ఊరి చట్టానికా, దేవుడికా, తాను పెట్టుకున్న నియమానికా? లాఫుల్, గుడ్ రెండూ ఎదురుబొదురుగా నిలబడితే ఏది ముందు? అసలు ఇందులో డీఎం ఎంతవరకు వేలు పెట్టొచ్చు? మీ బల్లల దగ్గర ఎలా చేస్తారో చెప్పండి.

పాత పాచిక, డల్లాస్

శనివారం డీఎం గారూ, నేను 1997లో ఎమ్మెస్‌కి వచ్చినప్పుడు రూమ్మేట్ల దగ్గర ఈ ఆట నేర్చుకున్నాను, సెకండ్ ఎడిషన్. ఇప్పటికీ వదల్లేదు. మీ మొదటి ప్రశ్నకి జవాబు ఈ గడి ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే కొంత తేలుతుంది. చాలామంది 9 గడుల అలైన్‌మెంట్ పట్టిక మొదటి నుంచీ ఉందనుకుంటారు.

1974లో ఈ ఆట తయారుచేసిన గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల తొలి పుస్తకాలు వచ్చినప్పుడు ఉన్నవి మూడే: లా (క్రమం), న్యూట్రాలిటీ (తటస్థం), కేయాస్ (అరాచకం). గుడ్ లేదు, ఈవిల్ లేదు. ఏ ప్రాణి ఏ వైపు నిలుస్తుందో చెప్పే పట్టిక ఒకటి ఇచ్చారు. మనుషులు మూడు వరసల్లోనూ కనిపిస్తారు. ఓర్కులనే రాక్షసజాతి న్యూట్రాలిటీలోనూ ఉన్నాయి, కేయాస్‌లోనూ ఉన్నాయి. అంటే అప్పటికది స్వభావం గురించిన మాట కాదు. యుద్ధం వస్తే నువ్వు ఎవరి పక్షం అన్న మాట. కురుక్షేత్రంలో ఎవరి శిబిరంలో ఎవరున్నారో జాబితా రాసుకున్నట్టు.

అయితే పక్షం వేరు, మంచితనం వేరు అని ఆడేవాళ్లకు త్వరలోనే తెలిసొచ్చింది. 1976 ఫిబ్రవరిలో గైగాక్స్ ఒక వ్యాసం రాసి, లా–కేయాస్ ఒక గీత, గుడ్–ఈవిల్ ఇంకో గీత అని విడదీశాడు. 1977 బేసిక్ సెట్‌లో 5 అయ్యాయి. 1978లో అడ్వాన్స్‌డ్ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌తో 9 అయ్యాయి. ఈ విడదీయడమే మీ ప్రశ్నకి కీలకం. లా అంటేనే మంచి అయితే రెండో గీత గీయాల్సిన పనే లేదు. ఆటలోని ప్రాణుల పుస్తకం, మాన్‌స్టర్ మాన్యువల్, తెరిచి డెవిల్స్‌ని చూడండి. లాఫుల్ ఈవిల్. ఒప్పందం రాస్తాయి, అక్షరం పొల్లుపోకుండా పాటిస్తాయి, ఆ అక్షరంతోనే మనిషి ఆత్మను లాక్కుంటాయి. మీ నాయకుడి చేతిలో కాగితం అలాంటిదే. పదేళ్ల పిల్లాణ్ని గనికి పంపే చట్టం చట్టమే కావచ్చు, లాఫుల్ గుడ్ మనిషి తలవంచాల్సిన చట్టం మాత్రం కాదు. ఓత్ ఆఫ్ డివోషన్ చివరి నియమం మళ్లీ చదవండి. నీ మీద న్యాయమైన అధికారం ఉన్నవాళ్లకి లోబడు అని ఉంటుంది. అధికారం ఉన్న ప్రతివాడికీ అని లేదు.

కాబట్టి ఊరి చట్టం ధిక్కరించినందుకు మీ తమ్ముడి అలైన్‌మెంట్‌కి ఏమీ కాలేదు. మిగిలింది ఓత్ ఒక్కటే. అది వేరే లెక్క.

మీరు వేసిన శిక్ష ఎక్కడిదో కూడా చెప్తాను, నాకది బాగా తెలుసు. ఆ రోజుల్లో పాలడిన్ లాఫుల్ గుడ్ కాకపోతే పాలడినే కాదు. తెలిసి చెడ్డపని చేస్తే ఆ హోదా శాశ్వతంగా పోయేది. కానీ కేయాటిక్ పని చేస్తే? పెద్ద క్లెరిక్ (పూజారి) దగ్గరికి వెళ్లి ఒప్పుకుని, ప్రాయశ్చిత్తం చేసుకుంటే సరిపోయేది. అంత కఠినమైన ఎడిషన్‌లో కూడా లా తప్పడానికీ మంచి తప్పడానికీ ఒకే శిక్ష వేయలేదు. మీరు చూసింది చెడ్డపని కాదు. 1979 డీఎం గైడ్‌లోనైతే అలైన్‌మెంట్ మారితే ఏకంగా ఒక లెవల్ పోయేది. అలాంటి బల్లల దగ్గర నేనూ ఆడాను. అందరం షీటు మీది రెండు మాటలకి భయపడుతూ ఆడేవాళ్లం, ఎదురుగా ఉన్న మనిషి గురించి ఆలోచించేవాళ్లం కాదు.

2014 పుస్తకంలో ఆ ముడి తీసేశారు. పాలడిన్ ఏ అలైన్‌మెంట్ అయినా కావచ్చు. ఓత్ తప్పితే ఏం చేయాలో కూడా చాలా మెత్తగా రాశారు. సాధారణంగా క్లెరిక్ దగ్గరో, సాటి పాలడిన్ దగ్గరో క్షమాపణ అడుగుతాడు, రాత్రంతా జాగరణ చేస్తాడు, ఉపవాసం ఉంటాడు. అసలు పశ్చాత్తాపమే లేనివాడి సంగతి ఆ తర్వాత. మీరు ఆఖరి మెట్టు మీద మొదలుపెట్టారమ్మా.

నియమం నియమమే

నేను ఒప్పుకోను. డీఎం గారు చేసింది సరైనదే, చేసిన తీరు గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు. అబద్ధమాడను అని ఒట్టేసుకున్నవాడు అబద్ధమాడితే ఏమీ జరగకపోతే ఆ ఒట్టు దేనికి? మా బల్ల దగ్గర కూడా ఓ పాలడిన్ ఉన్నాడు. మొదట ఒక్కసారి మంచికోసం అన్నాడు. తర్వాత బేరమాడేటప్పుడు అబద్ధం, కాపలావాళ్ల దగ్గర అబద్ధం, ఆఖరికి పార్టీలో వాళ్ల దగ్గరే అబద్ధం. ప్రతిసారీ మంచి కారణమే చెప్పేవాడు. పాలడిన్ ఆడటంలో ఉన్న అందమంతా అందరికీ సులువైన దారి తనకి మూసి ఉండటంలోనే ఉంది. ఆ తలుపు తెరిచేస్తే మిగిలేది మంచి కవచం వేసుకున్న ఫైటర్, మామూలు యోధుడు.

అయితే ఒక్కటి. ఆ 25 పాయింట్లు తీసేయడం నేనైతే చేసేవాణ్ని కాదు. దెబ్బ పాలడిన్‌కి తగలాలి, పిల్లాడి పుండ్లకి కాదు.

ఇనుప చొక్కా

అక్కా, నేను ఆరేళ్లుగా పాలడిన్లే ఆడుతున్నాను, కాబట్టి మీ తమ్ముడి కుర్చీలో కూర్చుని చెప్తాను.

పాలడిన్ ఆడేవాడు బల్ల దగ్గర ఎప్పుడూ ఒక టెన్షన్‌తో ఉంటాడు. రోగ్ (దొంగ తరహా పాత్ర) ఆడేవాడు ఏం చేసినా నవ్వేస్తారు. మేం నోరు తెరిస్తే చాలు, అందరూ డీఎం వైపు చూస్తారు. అందుకే నేను ఏ కొత్త బల్లకి వెళ్లినా ఆట మొదలుకాకముందే ఒక్క మాట తీసుకుంటాను: నా క్యారెక్టర్‌కి తెలిసిన సంగతి నాకు గుర్తురాకపోతే నువ్వు గుర్తుచెయ్యాలి. పాలడిన్ ఏళ్ల తరబడి ఆ ఓత్‌తో బతికినవాడు. ఆ మాట పెదవి దాటేముందు వాడి గుండెలో ఏదో గుచ్చుకోవాలి. నేను ఆఫీసు నుంచి పరిగెత్తుకొచ్చి కుర్చీలో కూలబడ్డవాణ్ని. నాకు ఎక్కడ గుచ్చుకుంటుంది? డీఎం చెప్తేనే గుచ్చుకుంటుంది. "ఈ మాట అంటే నీ ఓత్ మీద దెబ్బ పడుతుంది, నీకా సంగతి తెలుసు, అయినా అంటావా?" ఇంతే. అన్నాడంటే అది వాడి నిర్ణయం, దానికి ఏ మూల్యం చెల్లించినా గర్వంగా చెల్లిస్తాడు. మీరు వెనక్కి అంకెలు లెక్కపెట్టారు.

ఇంకో సంగతి. 5వ లెవల్‌లో డివోషన్ పాలడిన్‌కి జోన్ ఆఫ్ ట్రూత్ అనే మంత్రం వస్తుంది. 15 అడుగుల వ్యాసార్థం, 10 నిమిషాలు. అందులో చిక్కుకున్నవాడు తెలిసి అబద్ధం చెప్పలేడు. కానీ జవాబు చెప్పకుండా ఉండొచ్చు, నిజం దాటిపోకుండా మాట తప్పించొచ్చు. మంత్రంలోనే అలా రాసి ఉంది. అంటే అబద్ధం వేరు, మౌనం వేరు, మాట తప్పించడం వేరు అని ఈ ఆటే ఒప్పుకుంటోంది. అందుకని మిమ్మల్ని ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మీ తమ్ముడు "పిల్లల్ని పట్టుకుపోయేవాళ్లకి నేను జవాబు చెప్పను" అని తలుపుకి అడ్డంగా నిలబడి ఉంటే మీరు ఏం చేసేవారు?

శనివారం డీఎం

ఇనుప చొక్కా తమ్ముడూ, కోపం ఏమీ లేదు. మీ ప్రశ్న చదివి నా నోట్‌బుక్ తీసి చూశాను. ఆ పేజీలో నా చేతిరాతతోనే ఉంది: "జవాబు చెప్పకపోయినా, మాట తప్పించినా అనుమానిస్తాడు, గది సోదా చేస్తారు, పిల్లాడు దొరుకుతాడు." దాని కింద గీత కూడా గీశాను.

అంటే నిజం చెప్తే పిల్లాడు పోతాడు, నోరు మూసుకున్నా పోతాడు, అబద్ధమాడితే వీడి శక్తి పోతుంది. పోట్లాడదామన్నా గుమ్మం అవతల 8 మంది. ఈ సన్నివేశం రాసుకున్నప్పుడు ఎంత బాగా కుదిరిందో అనుకున్నాను. వాడికి దారి లేదని అప్పుడు తట్టలేదు.

పద్యాల మాస్టారు

నేను ఈ ఆట ఆడినవాణ్ని కాను. మా అబ్బాయి, వాడి స్నేహితులు మా డాబా మీద ఆడుతుంటే వింటూ ఉంటాను, ఈ పోస్టు కూడా వాడే చూపించాడు. తెలుగు మాస్టారుగా 31 ఏళ్లు చేశాను. అమ్మాయీ, నీ సత్రం సన్నివేశం చదవగానే నాకు కర్ణపర్వం గుర్తొచ్చింది.

అందరూ ద్రోణుడి దగ్గర ధర్మరాజు ఆడిన మాట చెప్తారు, రథం నేలకి దిగిందంటారు. నీ విషయానికి అది సరిపోదు. అది గెలుపు కోసం ఆడిన మాట. బలికి శుక్రాచార్యుడు ఎక్కడెక్కడ బొంకవచ్చో చెప్పడం కూడా సరిపోదు, అక్కడ కాపాడుకోవాల్సింది బలి తన సొత్తునే. అందుకే బలి వినలేదు, వినకపోవడమే ఆయన గొప్ప. నీ పాలడిన్‌కి సరిపోయే మనిషి కౌశికుడు.

కర్ణుడి దెబ్బలు తిని శిబిరానికి వచ్చిన ధర్మరాజు బాధలో అర్జునుణ్ని నిందిస్తూ, గాండీవం ఇంకొకరికి ఇచ్చెయ్ అంటాడు. అలా అన్నవాడి తల తీస్తానని అర్జునుడికి ఒక రహస్య వ్రతం ఉంది. మాట తప్పకూడదని అన్న మీదికి కత్తి దూస్తాడు! నీ భాషలో చెప్పాలంటే, ఓత్ కోసం. అప్పుడు కృష్ణుడు ఆపి కౌశికుడి కథ చెప్తాడు. ఊరి దగ్గర నదులు కలిసేచోట ఉండే తపస్వి, ఎప్పుడూ సత్యమే చెప్తానని వ్రతం పట్టినవాడు. దొంగలకి భయపడి కొందరు పారిపోయి వచ్చి అడవిలో దాక్కున్నారు. దొంగలు వచ్చి, నువ్వు సత్యవంతుడివి, వాళ్లెటు పోయారో చెప్పమన్నారు. ఆయన చెప్పాడు. వాళ్లు చచ్చారు. కౌశికుడు నరకానికి పోయాడు.

నీ నాయకుడు "నీ మాట నమ్ముతాను" అంటూ అడిగిన మాట, ఆ దొంగలు అడిగిన మాట ఒకటే చూడు. మనిషి సత్యాన్నే పట్టుకుని ఇంకో మనిషిని చంపడానికి వాడుకోవడం. దానికి కృష్ణుడిచ్చిన తీర్పు చాలా క్రమంగా ఉంటుంది. మాట్లాడకుండా గడిచిపోయేట్టయితే మాట్లాడకు. మాట్లాడక తప్పకపోయినా, మాట్లాడకపోతే అనుమానం వచ్చేట్టున్నా, అక్కడ అబద్ధమే మేలు. నీ నోట్‌బుక్‌లో నువ్వు గీత గీసుకున్న చోటు సరిగ్గా ఇదే. నీ తమ్ముడు ఆ రెండు మెట్లూ దాటాకే "లేడు" అన్నాడు.

పైన నియమం గురించి రాసిన అబ్బాయికి కూడా అదే కథలో జవాబుంది. కృష్ణుడు అర్జునుణ్ని వ్రతం వదిలేసి పొమ్మనలేదు. పెద్దవాణ్ని నువ్వు అని తూలనాడితే చంపినట్టే, అలా చేసి మాట నిలబెట్టుకో అన్నాడు. అర్జునుడు అన్నాడు, అని కుమిలిపోయాడు, తన ప్రాణమే తీసుకుంటానన్నాడు. అప్పుడాయన, నిన్ను నువ్వు పొగడుకో, అది ఆత్మహత్యతో సమానం అన్నాడు. తర్వాత అన్నగారి కాళ్ల మీద పడ్డాడు. బరువు ఎక్కడికీ పోలేదు, అర్జునుడే మోశాడు. ఎవరి ప్రాణమూ పోలేదు. మీ ఆటలో ఆ బరువు ఎలా మోయించాలో నాకు తెలియదు, కానీ నీ తమ్ముడు మోయడానికి సిద్ధంగానే ఉన్నాడని నాకనిపిస్తోంది. లేకపోతే షీటు చింపేసి పోయేవాడు, మడిచి జేబులో పెట్టుకునేవాడు కాదు.

దోసిట్లో పాచికలు

మాది పాత్‌ఫైండర్ బల్ల, ఇలాంటిదే ఇంకో ఆట. 2023లో వచ్చిన రీమాస్టర్‌లో (సవరించిన పుస్తకాల్లో) అలైన్‌మెంట్ మొత్తం తీసేశారు. వాటి బదులు దేవుడు చేయమన్నవి ఇవి, చేయకూడదన్నవి ఇవి అని రెండు చిన్న జాబితాలు ఉంటాయి, ఎవరికి వాళ్లు కూడా రాసుకోవచ్చు. డీఎం గారికి నా సలహా అదే: ఆ రెండు మాటల గడి పక్కన పెట్టి, మీ తమ్ముడితో కూర్చుని ఇల్మేటర్ పాలడిన్ ఎట్టి పరిస్థితుల్లోనూ చేయనివి ఏవో మూడు రాయించండి. ఏది ముందో, ఏది వెనకో వాడినే వరస పెట్టమనండి. అబద్ధమాడకూడదన్నది మొదట వస్తుందో, కట్టేసిన చేతుల్ని వదిలి వెళ్లకూడదన్నది మొదట వస్తుందో వాడికే బాగా తెలుసు.

పాత పాచిక, డల్లాస్

తీసేయడం కన్నా వాడే పద్ధతి మార్చుకుంటే చాలంటాను. నేను అలైన్‌మెంట్‌ని ఇప్పుడు పెన్సిల్‌తో రాయిస్తాను. నాలుగైదు సెషన్లకోసారి ప్లేయర్‌నే అడుగుతాను, నువ్వు చేసిన పనులు చూస్తే నీకేం అనిపిస్తోంది, ఇంకా ఇదేనా అని. అది జరిగిపోయినదాన్ని చూసి రాసుకునే మాట. జరగబోయేదానికి అడ్డంగా పెట్టే కర్ర కాదు. మాస్టారు గారికి నమస్కారాలు, ఆ కథ ఈ ఆట కోణంలో నాకెప్పుడూ తట్టలేదు.

శనివారం డీఎం

అందరికీ థాంక్స్. ఆలస్యంగా రాస్తున్నాను, ఏం జరిగిందో చెప్పాకే రాద్దామని ఆగాను.

ఆదివారం పొద్దున బస్సెక్కి సంగారెడ్డి వెళ్లాను. పిన్ని వంటింట్లో ఉంది, వీడు వరండాలో ఉన్నాడు. నా నోట్‌బుక్ తీసి ఆ పేజీ వాడి చేతికిచ్చాను. చదివాడు. గీత గీసిన చోట కాసేపు ఆగాడు. "ఏం చెప్పినా దొరికేవాడేనా?" అన్నాడు. అవునన్నాను, తప్పు నాది అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెప్పాడు, "నిజంగా అబద్ధం కాని మాట ఒకటి వెతుకుతున్నానక్కా అప్పుడు. నువ్వు లెక్కపెడుతున్నావు. నాకు దొరకలేదు."

అది విన్నాక నాకు ఏడుపొచ్చింది. వాడు షీటు వంక చూస్తూ కూర్చుంది ఏ నంబరు పెద్దదో చూసుకోవడానికని నేను అనుకున్నాను.

శక్తి పోలేదు, ఆ రాత్రి ఇల్మేటర్ ఏమీ తీసుకోలేదు, నేను తొందరపడ్డాను, అదంతా కొట్టేద్దాం అన్నాను. వాడు ఒప్పుకోలేదు. "మొత్తం కొట్టేస్తే ఎలా? ఆ మాట నేనన్నానుగా" అన్నాడు. 25 పాయింట్లు మాత్రం తిరిగి కావాలన్నాడు, మిగతాది తాను చూసుకుంటానన్నాడు. నియమం నియమమే గారూ, మీరు ఇది చదువుతారని రాస్తున్నాను.

నిన్న శనివారం వచ్చాడు. షీటు నాలుగు మడతల దగ్గరా చిరుగు పట్టి ఉంటే వెనక టేపు అంటించుకొచ్చాడు. లాఫుల్ గుడ్ అలాగే ఉంది, దాని కింద సన్నటి అక్షరాలతో మూడు వాక్యాలు రాసుకున్నాడు, నాకు చూపించలేదు, నేనూ అడగలేదు. ఆట మళ్లీ ఆ సత్రం గదిలోనే, నాయకుడు మెట్లు దిగి వెళ్లిన క్షణంలోనే మొదలుపెట్టాం. వాడు మొదట పిల్లాడి రెండు చేతులకీ కలిపి 5 పాయింట్లు వాడాడు. తర్వాత నా వైపు తిరిగి, తెల్లారేదాకా నిద్రపోను, జాగరణ ఉంటాను, ఆ అబద్ధం ఇల్మేటర్‌కి నేనే చెప్పుకుంటాను అన్నాడు. నిద్ర లేకపోతే లాంగ్ రెస్ట్ (రాత్రి పూర్తి విశ్రాంతి) ఉండదు, వాడిన మంత్రాలు పొద్దునకి తిరిగి రావు, రేపు ఊరి గేటు దగ్గర కష్టమవుతుంది అని ఈసారి ముందే చెప్పాను. తెలుసన్నాడు.

రోగ్ ఆడే అమ్మాయి, ఏడాదిగా ఈ పాలడిన్‌తో గొడవపడుతూనే ఉన్న అమ్మాయి, నేనూ కూర్చుంటాను తోడు అంది. పిల్లాడు అప్పటికే నిద్రపోయాడని చెప్పాను. అయితే గొంతు తగ్గించి మాట్లాడుకుందాం అన్నాడు తమ్ముడు, బల్ల దగ్గర నిజంగానే గొంతు తగ్గించి.